ఉత్తరపు గోడ ఆకలి

"వరహాలూ, ఈ దేశంలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే దానికి కారణం ఒక్కటే. నేను ఒక్కణ్ణే ఉండటం!"

కిరండూల్ పాసింజరు అరకు స్టేషన్లో పూర్తిగా ఆగకముందే, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి లక్ష్మీప్రసాద్ ఈ ప్రకటన చేశాడు. విశాఖపట్నంలో కంట్లో శుక్లం తీయించుకుని వస్తున్నాడు. ఎడమ కంటి మీద తెల్లటి గుడ్డ, దాని మీద నల్లకళ్ళజోడు. దిగుతూనే వేరుశనక్కాయలమ్మే ఆవిణ్ణి అనుమానంగా చూసి, ఓ పొట్లం కొని, ఆ పొట్లం కాగితాన్ని వెలుతురుకెత్తి ఒంటికన్నుతో పరీక్షించాడు. అందులో రహస్యమేమీ దొరక్కపోయేసరికి కాయలు తినడం మొదలుపెట్టాడు.

స్టేషనుకి ఎదురొచ్చిన వరహాలరావు సంచీ అందుకున్నాడు. డిసెంబరు ఎండ వీపు మీద గోరువెచ్చగా పడుతోంది. ఆ నెలలో అరకులో అలాంటి ఎండ దొరికినప్పుడు పక్కవాడు ఏం మాట్లాడినా చెల్లిపోతుందని అతని నమ్మకం.

లక్ష్మీప్రసాద్ ముప్ఫయ్యేళ్ళు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. టిక్కెట్టు లేనివాడి మొహం ఎలా ఉంటుందో తనకి తెలిసినట్టు మరొకరికి తెలీదనీ, నేరస్థుడంటే జీవితంలోకి టిక్కెట్టు లేకుండా ఎక్కినవాడేననీ అతని సిద్ధాంతం. రిటైరైన మర్నాడే 'డిటెక్టివ్ ఎల్.పి. - రహస్య విచారణలు' అని బోర్డు రాయించాడు. రహస్యం కాబట్టి దాన్ని గుమ్మానికి లోపలి వైపు తగిలించాడు. ఊళ్ళో అందరూ మాత్రం టీసీ బాబు అనే పిలుస్తారు.

ఇంతవరకూ మూడు కేసులు పట్టాడు. మొదటి కేసులో పోయిన మేక తనంతట తానే ఇంటికొచ్చింది. రెండో కేసులో పోయిన కళ్ళజోడు ఫిర్యాదు చేసినాయన నెత్తి మీదే ఉంది. మూడోది లక్ష్మీప్రసాద్ సొంత గొడుగు పోవడం. అది ఇంకా విచారణలో ఉంది.

ఈ మూడింటికీ సాక్షి, సహాయకుడు, ఆటో మాట్లాడేవాడు వరహాలరావే. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. భార్య చిట్టెమ్మ పోయి నాలుగేళ్ళయింది. బయటికి వెళ్ళేటప్పుడు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని రెండు కప్పులు సంచిలో పెట్టుకోవడం మాత్రం మానలేదు. రెండో కప్పుకి రోజూ ఎవరో ఒకరు తగులుతూనే ఉన్నారు. ఇవాళ ఆటోలో లక్ష్మీప్రసాద్ తగిలాడు.

లక్ష్మీప్రసాద్ ఉండేది జంట ఇల్లు. రైలు దారి వేసే రోజుల్లో ఇంజినీర్ల కోసం కట్టినది. ఒకటే కప్పు, మధ్యలో అడ్డగోడ, రెండు గుమ్మాలు. పడమటి వాటా లక్ష్మీప్రసాద్‌ది. తూర్పు వాటాలో రిటైర్డు నర్సు దేముడమ్మ ఉంటుంది. బయటి గోడలు రెండేసి పొరలు. ఒక ఇటుక గోడ, బెత్తెడు ఖాళీ, మళ్ళీ ఇటుక గోడ. వాన తేమ లోపలికి రాకుండా అలా కట్టారట. తేమ రాలేదు గాని, ఆ ఖాళీలోకి చలి దూరి అరవయ్యేళ్ళుగా కాపురం చేస్తోంది.

ఆటో సందు మలుపు తిరగ్గానే లక్ష్మీప్రసాద్ కాఫీ కప్పు వదిలేశాడు.

"వరహాలూ! తల దించు!"

"ఏమైంది?"

"తూటాలు!"

తూర్పు వాటా ఉత్తరపు గోడ నిండా కన్నాలు. బొటనవేలు దూరేంత గుండ్రటి కన్నాలు, వరసలు వరసలుగా. లక్ష్మీప్రసాద్ ఆటో సీటుకీ డ్రైవరు సీటుకీ మధ్య కూరుకుపోయి అక్కణ్ణుంచే వాటిని లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగు. సమాన దూరంలో. అంటే కాల్చినవాడు మామూలు మనిషి కాదు. పద్ధతి గలవాడు. చేతిలో స్కేలు పట్టుకుని కాల్చాడు."

"డ్రిల్లింగ్ మిషనుతో తొలిచారు ప్రసాదూ. చెబుదామంటే నువ్వు చెప్పనిస్తేగా!"

గోడ పక్క నుంచి ముక్కుకి గుడ్డ కట్టుకున్న మనిషొకడు, లావుపాటి గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు. లక్ష్మీప్రసాద్ రెండు చేతులూ పైకెత్తేశాడు. ఆ మనిషి గుడ్డ కిందికి లాక్కుని, "ఏటి సార్, దిగరేటి?" అన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన కాంట్రాక్టరు భాస్కర్.

విషయం ఇది. కొండ మీది ఊళ్ళలో చాలావాటికి రోడ్డు లేదు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మనుషులు మోసుకు రావాలి. అందుకని నెలలు నిండిన ఆడవాళ్ళు పది పదిహేను రోజులు ముందే వచ్చి ఉండటానికి దేముడమ్మ తన ఇంట్లో పెద్ద గది ఇచ్చింది. ఆసుపత్రి పక్క సందులోనే. కాని కిందటి చలికాలం వచ్చినవాళ్ళు ఒక్కరోజుండి వెళ్ళిపోయారు. వాళ్ళకి ఇంట్లో పొయ్యి పక్కన పడుకోవడం అలవాటు. ఇక్కడ గదిలో పొగ పనికిరాదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. పొయ్యి లేదు, గోడ ముట్టుకుంటే మంచుముద్ద. అందుకే ఈ ఏడాది దేముడమ్మ గోడల లోపలి ఖాళీని నింపించేస్తోంది.

"పాత పేపర్లు పొట్టు చేసి, నిప్పంటకుండా, చెద పట్టకుండా మందు కలిపిన సరుకండి. దూదిలాగుంటాది," అన్నాడు భాస్కర్, బూడిదరంగు పిడికెడు తీసి చూపిస్తూ. "మిషనుతో ఈ కన్నాల్లోంచి ఊదేత్తాం. లోపల గాలి కదలకపోతే చలి దాటదు."

"అంటే గోడకి స్వెట్టరు," అన్నాడు వరహాలరావు.

"అదే సార్. కాకపోతే ఈ ఉత్తరపు గోడే నా పేనం తీసేత్తంది. తూర్పు గోడకి పదకొండు బస్తాలు పట్టింది. దక్షిణం పన్నెండు. నిండగానే మిషను గొంతు మారిపోద్ది, బరువెత్తినట్టు మూలుగుద్ది. దీనికి నిన్నట్నుంచి పదిహేడు బస్తాలు ఊదాను. మిషను మూలగదే! ఈల పాట పాడతంది. ఇంక అయిదు బస్తాలే ఉన్నాయి. రేపు సాయంత్రానికి మిషను ఎల్లిపోవాల, ఇంకోచోట మాటిచ్చేసినాను."

లక్ష్మీప్రసాద్ కళ్ళజోడు సవరించుకున్నాడు. ఒంటికన్ను మెరిసింది.

"అంటే సరుకు లోపలికి వెళ్తోంది, లోపల మాత్రం లేదు. వరహాలూ, ఇది మామూలు కేసు కాదు. మహా చోరీ! ఇవాళ్టి నుంచీ ఈ గోడ నా ఆధీనంలో ఉంటుంది."

"తీసుకోండి సార్," అన్నాడు భాస్కర్ నీరసంగా.

*

అనుమానితుడు దొరకడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. అక్కడున్న పనివాడు ఒక్కడే. పేరు సుక్రు. తెల్లపుట్టు అనే కొండ మీది ఊరి నుంచి వచ్చాడు. బస్తాలు విప్పి మిషనులో పోయడం, నిచ్చెనెక్కి గొట్టం పట్టుకోవడం అతని పని. సన్నగా, బిగువుగా, తలంతా బూడిదరంగు దూదితో నెరిసినట్టున్నాడు.

"తల మీద సరుకు!" అన్నాడు లక్ష్మీప్రసాద్, వరహాలరావు చెవిలో ఊరంతా వినబడేట్టు.

"పనిచేస్తే పడదూ? భాస్కర్ తల మీదా ఉంది."

"అందుకే వాడూ అనుమానితుడే." సుక్రు దగ్గరికెళ్ళి చెయ్యి చాపాడు. "టిక్కెట్... అదే, జేబులో ఏముందో తియ్యి."

సుక్రు జేబులోంచి గుప్పెడు గింజలు తీశాడు. ఎర్రగా, సన్నగా.

"ఇవేమిటి?"

"సోళ్ళు బాబూ."

"చోళ్ళా? రాగులు జేబులో ఎందుకు?"

సుక్రు సిగ్గుపడ్డాడు. "ఊదే ముందల కన్నానికి నాలుగు గింజలు ఏత్తన్నాను. మా ఊళ్ళో గోడ మెత్తినప్పుడు అలగే ఏత్తాం బాబూ. ఇల్లు ఆకలితో ఉండకూడదని."

"పదిహేడు బస్తాలు మింగినా దీనికి ఆకలి తీర్లేదురా బాబూ! ఇంకా నువ్వు నంజుకోడానికి పెట్టావా!" అని భాస్కర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

వరహాలరావుకి ఆ గింజలు చూస్తే ముచ్చటేసింది. పరాయివాళ్ళ గోడ ఆకలి కూడా కనుక్కునే మనిషి బస్తాలు దొంగిలించడు. అదే చెప్పబోయాడు. ఈలోపల లక్ష్మీప్రసాద్ చెట్టు కొమ్మకి వేలాడుతున్న సుక్రు సంచీ దించి దులిపేశాడు. ఒక తువ్వాలు, ఒక సబ్బు, నాలుగు మడతలు పెట్టిన ఖాళీ బస్తా కిందపడ్డాయి.

బస్తా మీద భాస్కర్ సరుకు బొమ్మే ఉంది.

"దొంగ సొత్తు!" అన్నాడు లక్ష్మీప్రసాద్. సొంత గొంతు విని తనే పులకించిపోయాడు.

"కాదు బాబూ. దేముడమ్మగారు తీసుకోమన్నారు. శుక్కురారం మా ఆడది ముత్యాలు జీపులో వత్తాది. నిండు మనిసి కదా, కింద ఏసుకుని కూకుంటాదని..."

"దేముడమ్మగారు ఏరీ?"

దేముడమ్మ పొద్దున్నే పై ఊళ్ళకి బాలింతల్ని చూడటానికి వెళ్ళింది. మర్నాటికి గాని రాదు. ఫోను ఆ కొండల్లో పలకదు.

"సాక్షి అందుబాటులో లేరు," అన్నాడు లక్ష్మీప్రసాద్, అదొక రుజువైనట్టు. "ఖాళీ బస్తా సంచీలోకి వచ్చిందంటే నిండు బస్తాలు కొండెక్కేశాయన్నమాట. ముప్ఫయ్యేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. ఇది టిక్కెట్టు లేని మొహం!"

భాస్కర్ కూడా ఒక్కక్షణం సుక్రు వైపు చూశాడు. ఆ ఒక్క చూపు చాలింది. సుక్రు బస్తా మడత చెదరకుండా తీసి మిషను మీద పెట్టాడు. తువ్వాలు, సబ్బు ఏరుకున్నాడు. గింజలు మాత్రం కింద పారెయ్యలేక మళ్ళీ జేబులో పోసుకున్నాడు. గేటు దాటాడు.

వరహాలరావు ఫ్లాస్కు పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు. సందు చివర కల్వర్టు మీద కూర్చోబెట్టి రెండో కప్పు నింపాడు. సుక్రు ఆ కప్పుని రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"మొదటి కానుపు డోలీలోనే అయిపోయింది బాబూ," అన్నాడు. "వాగు కాడ. గుంటడు బతికినాడు. ముత్యాలే మూణ్ణెల్లు లెగనేదు. ఈసారి ముందే తెచ్చేయాలని... కిందటేడు మా వదిన ఇక్కడుండి, సలికి తట్టుకోనేక వచ్చేసింది. ముత్యాలు కూడా రానంది. గోడల్లో దూది ఎడతన్నారు, నా సేతుల్తో నేనే ఎడతన్నాను, ఎచ్చగుంటాదని సెప్పి ఒప్పించినాను."

"మరి తీసుకురా."

"దొంగోడి పెళ్ళాం ఆ ఇంట్లో ఎలగ పడుకుంటాది బాబూ?"

వరహాలరావు ఫ్లాస్కు మూత బిగించాడు. "రేపు మధ్యాహ్నం మీ ఊరి వైపు జీపు దాకా ఆగు," అన్నాడు. "అంతకన్నా ఏమీ అడగను."

సుక్రు కప్పు కడిగి ఇచ్చి వెళ్ళాడు.

*

మర్నాడు ఎనిమిదింటికి దేముడమ్మ దిగింది. సంగతి విని చెప్పు తీయలేదు గాని, తీసినంత పని చేసింది.

"బస్తా నేనే ఇచ్చినాను. ఖాళీ బస్తా! ఏటి టీసీ బాబూ, కంటికి గుడ్డ కట్టించుకున్నారా, బుర్రకి కట్టించుకున్నారా? ముత్యాలమ్మ రాకపోతే ఆ డోలీ మీరు మోత్తారా?"

"అమ్మా, ఉద్వేగం విచారణకి శత్రువు," అన్నాడు లక్ష్మీప్రసాద్ రెండడుగులు వెనక్కి వేస్తూ. "సుక్రు నిర్దోషి అయితే ఇంకా మంచిది. అసలు ముఠా వేరే ఉందన్నమాట."

అసలు ముఠా కోసం గోడంతా వేళ్ళతో కొట్టుకుంటూ వచ్చాడు. పడమటి చివర, తన వాటా మొదలయ్యే చోట పై వరస కన్నానికి నిచ్చెన వేసుకుని చెవి ఆనించాడు. రెండు క్షణాల్లో మొహం పాలిపోయింది.

"వరహాలూ. లోపల మనుషులున్నారు!"

"గోడలోనా?"

"ష్! ఒకడు ఆజ్ఞలిస్తున్నాడు. 'రాగల ఇరవై నాలుగు గంటల్లో' అంటున్నాడు. 'తీరం దాటే అవకాశం' అంటున్నాడు. అర్థమైందా? సరుకుని రేపటికి సముద్రం దాటించేస్తారు! గోడ కింద సొరంగం ఉంది. అది తిన్నగా బొర్రా గుహల్లోకి పోతుంది. అక్కణ్ణుంచి రైలు!"

వరహాలరావు నిచ్చెనెక్కి చెవి పెట్టాడు. చాలా దూరంనుంచి, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుగా సన్నాయి వినిపించింది.

"ఇప్పుడు సన్నాయి వాయిస్తున్నారు ప్రసాదూ."

"సంకేతం."

"రేడియోలా ఉంది."

"గోడలో రేడియో ఎందుకుంటుంది?"

అదీ నిజమే. వరహాలరావు దిగిపోయాడు. కళ్ళు మాత్రం గడియారం మీదున్నాయి. పదకొండున్నర. తెల్లపుట్టు వైపు జీపు పన్నెండున్నరకి. సరుకు ఏమైందో తేలకుండా పిలిస్తే సుక్రు రాడు. అయిదు బస్తాలు, ఈల వేసే మిషను, చేతులు కట్టుకుని కూర్చున్న భాస్కర్.

"ముఠాని బయటికి రప్పించాలి," అన్నాడు లక్ష్మీప్రసాద్. "మారువేషం వేస్తాను. కాఫీ గింజలు కొనే పంజాబీ వ్యాపారి. పెద్ద కోటు, తలపాగా. వాళ్ళే నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇంతవరకూ ఎవరూ అడుగుపెట్టని నా ఆఫీసు గది తెరవాల్సిన సమయం వచ్చింది!"

ఆఫీసు గదంటే అతని వాటాలో ఉత్తరపు వైపు గది. దానికి రెండు తాళాలు. లోపల గోడలోకే కట్టిన చెక్కతలుపుల అల్మారా. మారువేషాలన్నీ అందులోనే. లక్ష్మీప్రసాద్ లోపలికి వెళ్ళాడు. తాళం తీసిన చప్పుడు, రెండో తాళం తీసిన చప్పుడు, అల్మారా గొళ్ళెం లాగిన చప్పుడు వినిపించాయి.

తర్వాత మెత్తటి చప్పుడొకటి. చిన్న కొండ నిట్టూర్చినట్టు.

ఆ తర్వాత కేక. "వరహాలూ! ముఠా పట్టేసుకుంది! నడుం దాకా పట్టేసుకుంది! ఓలమ్మో! రక్షించండిరో! బేగి రండర్రా!"

భయం వేస్తే లక్ష్మీప్రసాద్ నోటికి సొంత ఊరి మాట వచ్చేస్తుంది.

ముగ్గురూ పరుగెత్తారు. గది మధ్యలో లక్ష్మీప్రసాద్ బూడిదరంగు దూదిలో మొలలోతున పాతుకుపోయి ఉన్నాడు. నెత్తి మీద, భుజాల మీద, కళ్ళజోడు మీద దూది. అల్మారా అరలన్నీ నిండిపోయి, ఇంకా జారుతూనే ఉంది. ఆ కుప్ప అడుగు నుంచి గంభీరమైన గొంతు ఒకటి చెబుతోంది: "ఏజెన్సీ ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతలు మరింత తగ్గే అవకాశం ఉంది..."

వరహాలరావు కుప్పలో చెయ్యి పెట్టి రేడియో బయటికి తీశాడు.

"ఊరెళ్ళేటప్పుడు నేనే పెట్టి వెళ్ళాను," అన్నాడు లక్ష్మీప్రసాద్ సన్నగా. "ఇంట్లో మనిషున్నాడని దొంగలు అనుకోవాలని."

భాస్కర్ అప్పటికే దూది తవ్వి అల్మారా వెనక్కి చేరాడు. ఈల వేశాడు, అచ్చం తన మిషనులా. "సార్, ఇక్కడ రెండు ఇటుకలు లేవు. రెండు వాటాలకీ గోడ లోపల ఖాళీ ఒకటే! మా పక్క కట్టే ఇళ్ళలో అడ్డగోడ కాడ ఖాళీ మూసేత్తారు. ఇక్కడా మూసేసుంటాదనుకున్నాను, తప్పు నాదీ ఉంది. నేను అటు ఊదుతుంటే ఇటొచ్చి సగం మీ గోడలోకి పోయి, సగం మీ అల్మారాలో పడతంది."

దేముడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ ఇటికలు ఎవరు తీసినారు?"

అందరూ లక్ష్మీప్రసాద్ వైపు తిరిగారు.

"రహస్య ఫైళ్ళు దాచడానికి," అన్నాడు లక్ష్మీప్రసాద్.

"ఫైళ్ళేయి?"

"ఇంకా రాయలేదు. ఆ సందులోంచి మీ వాటా మాటలు కూడా కాస్త వినబడతాయి కదాని... నేరస్థులెవరైనా..."

"మా ఇంట్లో నేరస్థులా? నెలలు నిండిన ఆడోళ్ళు బాబూ! ఏటి వినబడిందేటి ఇన్నాళ్ళూ?"

"'అమ్మా, నడుం నొప్పి.' అంతే," అని లక్ష్మీప్రసాద్ తల దించుకున్నాడు. ముక్కు మీది దూది తుమ్ము తెప్పించింది. తుమ్మితే ఇంకొంత దూది లేచి అందరి మీదా పడింది.

వరహాలరావుకి నవ్వొచ్చింది గాని, గడియారం చూసేసరికి ఆగిపోయింది. "ప్రసాదూ, పన్నెండు దాటింది. జీపు."

లక్ష్మీప్రసాద్ కుప్పలోంచి ఒక కాలు లాక్కున్నాడు. రెండో కాలు చెప్పుతో సహా రాలేదు. "చెప్పు తర్వాత చూద్దాం," అన్నాడు. చెప్పు వదిలేసి నడిచిన లక్ష్మీప్రసాద్‌ని వరహాలరావు చూడటం అదే మొదలు.

*

జీపు నిండిపోయింది. లోపల పదమూడుమంది, పైన నాలుగు కోళ్ళగంపలు. సుక్రు వెనక పలక మీద, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. ఒంటికాలి చెప్పుతో, ఒళ్ళంతా బూడిదరంగు బొచ్చుతో లక్ష్మీప్రసాద్ రావడం చూసి ఒక ముసలమ్మ దేవుణ్ణి తలుచుకుంది. అతను కడ్డీ పట్టుకుని పైకెక్కగానే అలవాటు కొద్దీ ఇద్దరు జేబుల్లో టిక్కెట్టు వెతుక్కున్నారు.

"సుక్రూ," అన్నాడు లక్ష్మీప్రసాద్.

సుక్రు తల తిప్పలేదు.

"ముప్ఫయ్యేళ్ళలో ఎంతమందిని దింపేశానో లెక్కలేదు. టిక్కెట్టున్నవాణ్ణి దింపెయ్యడం ఇదే మొదలు. నీ మొహంలో ఏమీ లేదు నాయనా. నాకే కన్ను లేదు."

"మరి దొంగెవరు బాబూ?" అన్నాడు సుక్రు, ఇంకా అటే చూస్తూ.

జీపు మొత్తం వింటోంది. డ్రైవరు తాళంచెవి తిప్పబోయి ఆగాడు. లక్ష్మీప్రసాద్ ఒకసారి వరహాలరావు వైపు చూశాడు, ఎక్కడైనా ఇంకో నేరస్థుడు దొరుకుతాడేమోనన్నట్టు. దొరకలేదు.

"నేనే. సరుకంతా నా అల్మారాలో ఉంది. అందరూ వినండి. ఈ కేసులో దొంగని నేను."

ముసలమ్మ ముందు నవ్వింది. ఆవిడ వెనక జీపంతా నవ్వింది. పైన కోళ్ళు కూడా గొడవ చేశాయి. సుక్రు నవ్వలేదు. లక్ష్మీప్రసాద్ నెత్తి మీంచి దూది పీచొకటి తీసి, చూసి, "ఇది మా సరుకే," అన్నాడు. అప్పుడు దిగాడు.

పని రెండున్నరకి మొదలైంది. అల్మారా సరుకంతా ఎత్తి, జల్లించి బస్తాలకెత్తారు. తొమ్మిది బస్తాలయ్యాయి. రేడియో, చెప్పు, ఒక పెట్టుడు మీసం విడిగా తేలాయి. తర్వాత అసలు చిక్కొచ్చింది. తీసేసిన ఇటుకల్లోంచి చెయ్యి పెట్టి రెండు వాటాల మధ్య ఆ నిలువు సందు బిగించాలి. పలక పట్టదు, ఇటుక ఆగదు. మెత్తగా, పొడుగ్గా, దళసరిగా ఏదైనా కావాలి.

"పాత బొంత ఉందేటి?" అన్నాడు భాస్కర్.

లక్ష్మీప్రసాద్ అల్మారా వైపు చూశాడు. పంజాబీ వ్యాపారి కోటు ఇంకా మేకుకి వేలాడుతోంది. ఉన్నికోటు, మోకాళ్ళ దాకా ఉంటుంది. ఎంతో ఇష్టపడి కొన్నది, ఒక్కసారీ తొడగలేదు. దాన్ని దించి, కాలరు ఒకసారి సరిచేసి సుక్రు చేతికిచ్చాడు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

సుక్రు కోటు చేతులు రెండూ ముడేసి, చుట్టచుట్టి సందులో పై నుంచి కింది దాకా కర్రతో దట్టించాడు. రెండు ఇటుకలూ పెట్టి మెత్తాడు. మెత్తేముందు జేబులో చెయ్యి పెట్టి ఒక్కక్షణం ఆగి, లక్ష్మీప్రసాద్ అరచేతిలో నాలుగు గింజలు పోశాడు.

"మీరెయ్యండి బాబూ. ఇది మీ గోడ."

లక్ష్మీప్రసాద్ వేశాడు.

నాలుగూ నలభైకి, ఉన్న పద్నాలుగు బస్తాల్లో పదమూడోది సగంలో ఉండగా, మిషను గొంతు మారింది. ఈల ఆగిపోయి, నిండుగా తిన్నవాడు పీట మీంచి లేస్తున్నట్టు ఒక మూలుగు మూలిగింది. భాస్కర్ గొట్టం లాగేసి బిరడా కొట్టాడు. దేముడమ్మ నిచ్చెన కిందే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. వరహాలరావు ఫ్లాస్కు తీశాడు. మనుషులు అయిదుగురు, కప్పులు రెండు. వంతులవారీగా తాగారు.

*

శుక్రవారం సంతరోజు. పదకొండింటి జీపులో ముత్యాలమ్మ దిగింది. నిండు నెలల మనిషి. నెత్తి మీద కట్టెల మోపు.

"అదేటే!" అంది దేముడమ్మ.

"సలేత్తాదని," అంది ముత్యాలమ్మ. మొగుడి మాట మీద నమ్మకం ఉంది గాని, కట్టెల మీద ఇంకాస్త ఎక్కువుంది.

సుక్రు మోపు దింపి వసారాలో పెట్టాడు. దేముడమ్మ చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. ముత్యాలమ్మ మంచం మీద కూర్చోలేదు. ముందు ఉత్తరపు గోడ దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించింది. తీసి, వెనక్కి తిప్పి మళ్ళీ ఆనించింది. చెంప కూడా ఆనించి చూసింది. గోడకి వీపు చేర్చి చాప మీద పడుకుంది, ఇంట్లో పొయ్యికి చేర్చినట్టే. కాసేపటికి కప్పుకున్న దుప్పటి కాళ్ళతో కిందికి తోసేసింది.

గుమ్మంలో నిలబడ్డ సుక్రు అప్పుడు ఊపిరి వదిలాడు. "నాను సంతకెల్లొత్తాను," అని ఎవరికి చెప్పాడో తెలీకుండా చెప్పి, బేగి బేగి వెళ్ళిపోయాడు.

అంతలో లక్ష్మీప్రసాద్ బయటికి వచ్చాడు. సంతకొచ్చిన జనం ఎలాగూ సందులో ఉన్నారు. కల్వర్టు మీది నుంచి ఇద్దరు, కోడిని చంకలో పెట్టుకున్న ఒకాయన, జీపులోని ముసలమ్మ ఆగారు. లక్ష్మీప్రసాద్ ఉత్తరపు గోడకి వీపు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! మొదటి నుంచీ నాకు తెలుసు! సరుకు పశ్చిమంగా ప్రయాణిస్తోందని తెలిసీ, నేరస్థుడు ఏమరుపాటుగా ఉండాలని, కావాలనే రెండు రోజులు మౌనంగా..."

"నేరస్థుడు నువ్వేగా!" అంది ముసలమ్మ.

"అందుకే అతని ప్రతి కదలికా నాకు తెలుస్తూ వచ్చింది!"

అది ఇంకో గంట సాగుతుందని వరహాలరావుకి తెలుసు. దేముడమ్మ అడిగిన వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని గదిలోకి వెళ్ళి, తలుపు చేరవేశాడు.

లక్ష్మీప్రసాద్ మాట ఆగిపోయింది.

అతను అనుమానంగా అద్దాల కిటికీ వైపు చూశాడు. ఆగలేదు. బయట లక్ష్మీప్రసాద్ చేతులు గాల్లో ఎగురుతున్నాయి, నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, వేలు ఆకాశం వైపు లేస్తోంది. లోపలికి ఒక్క అక్షరం రావడం లేదు. ముప్ఫయ్యేళ్ళ స్నేహంలో అతను మాట్లాడుతుండగా ఇంత హాయిగా ఉండటం వరహాలరావుకి ఎప్పుడూ అనుభవంలోకి రాలేదు.

ముత్యాలమ్మ సగం నిద్రలో కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసింది.

"ఆ బాబు ఏటంతన్నారు?"

"ఏటీ నేదే," అంది దేముడమ్మ, దుప్పటి మడతపెట్టి కాళ్ళ దగ్గర ఉంచుతూ. "నువ్వు పడుకో."

ముత్యాలమ్మ గోడ వైపు ఇంకొంచెం జరిగి పడుకుంది.